వాన నీటిని ఇంట్లోనే ఇంకించి ఇంటి పన్నులో రాయితీ అడగడం ఎలా? వరంగల్ ఇళ్లవారికి సమగ్ర మార్గదర్శి

"మా ఇంట్లో ఇంకుడు గుంత ఉంది. ఇంటి పన్ను ఏమైనా తగ్గుతుందా?" హన్మకొండ, కాజీపేట, వరంగల్ పాఠకులు వానాకాలం వచ్చిందంటే అడిగే ప్రశ్న ఇది. దీనికి నియమాల్లో దారి ఉంది. కానీ గుంత ఒక్కటే ఉంటే చాలదు. ఆ గుంత పనిచేస్తోందని చూపించాలి, కాగితాలు చేతిలో ఉండాలి, దానితోపాటు ఇంకో పని కూడా చేసి ఉండాలి. ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

## 1. రాయితీ దేనికి ఇస్తారో ముందు తెలుసుకోండి

2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల గురించినది. ఇళ్ల యజమానులకు ఆస్తి పన్నులో రాయితీలు అందులో ఉన్నాయి. మనకు పనికొచ్చేది ఇది: వాన నీటి సేకరణ, వాడిన నీటి పునర్వినియోగం, ఈ రెండూ చేసినవారికి ఆస్తి పన్నులో 10 శాతం రాయితీ.

"రెండూ" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. గుంత తవ్వి ఊరుకుంటే సగం పనే అయినట్టు. స్నానాల నీరు, బట్టలు ఉతికిన నీరు శుభ్రమై మొక్కలకు వెళ్లే ఏర్పాటు కూడా ఉండాలి. కాబట్టి రెండు పనులూ ఒకేసారి ప్లాన్ చేసుకోండి. సుతారి మేస్త్రిని రెండుసార్లు పిలిచే ఖర్చు తప్పుతుంది.

ఏప్రిల్ 30లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేవారికి ప్రభుత్వం ప్రకటించే 5 శాతం ఎర్లీ బర్డ్ రాయితీ వేరు. దానికీ వాన నీటికీ సంబంధం లేదు. బిల్లులో 5 శాతం తగ్గిందని చూసి "గుంత రాయితీ వచ్చేసింది" అనుకోవద్దు.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏడాదికి 6,000 రూపాయల పన్ను ఉన్న ఇంటికి 10 శాతం అంటే 600. ఆ 600తో గుంత ఖర్చు తొందరగా తిరిగి రాదు. ఎండాకాలంలో బోరు ఎండిపోకుండా ఉండటం, ట్యాంకర్లు తప్పడం, మన స్లాబు నీళ్లు పక్క గల్లీని ముంచకుండా ఉండటం, ఈ మూడే అసలు లాభాలు. అయినా రాయితీ మన హక్కు కాబట్టి అడగాల్సిందే. పది ఇళ్లవాళ్లు అడిగితేనే బల్దియా దీన్ని పట్టించుకుంటుంది.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కొందరు "అక్కడ వాన నీటికి కూడా బిల్లు వేస్తారట కదా" అని అడుగుతుంటారు. నిజమే, చాలా నగరాల్లో స్లాబు, సిమెంటు నేల ఎంత ఉందో చూసి వాన నీటి చార్జీ వేస్తారు. ఆ నీటిని తమ స్థలంలోనే ఆపినవారికి చార్జీ తగ్గిస్తారు. వాషింగ్టన్ డీసీలో ఈ తగ్గింపు 55 శాతం దాకా ఉంటుంది. పోర్ట్‌లాండ్‌లో సొంత స్థలానికి సంబంధించిన భాగం పూర్తిగా మాఫీ అయ్యే వీలుంది. మన దగ్గర విడిగా వాన నీటి చార్జీ లేదు కాబట్టి రాయితీ ఆస్తి పన్నులోంచే రావాలి.

అయితే ఆ నగరాలు అడిగే మూడు ప్రశ్నలు మనకూ పనికొస్తాయి. ఎంత స్లాబు నీరు వస్తోంది? అందులో ఎంత ఆపారు? ఆపే ఏర్పాటును ఏటా ఎవరు శుభ్రం చేస్తారు? మీ దరఖాస్తులో ఈ మూడింటికీ జవాబుంటే తనిఖీకి వచ్చినవాళ్లు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

## 2. మీ స్లాబు లెక్క వేయండి

సూత్రం చిన్నదే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. సిమెంటు స్లాబు మీద పడ్డ నీటిలో తడిసి ఆరిపోయేది పోగా 85 శాతం పైపులోకి వస్తుందనుకోవచ్చు.

200 గజాల స్థలంలో 120 చదరపు మీటర్ల స్లాబు ఉందనుకుందాం. వరంగల్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 950 మిల్లీమీటర్ల వాన పడుతుంది.

120 × 950 × 0.85 = దాదాపు 97,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో పోలిస్తే 19 ట్యాంకర్ల పైమాటే.

గుంత సైజుకు మాత్రం ఏడాది లెక్క పనికిరాదు, ఒక్క గట్టి వాన లెక్క కావాలి. 30 మిల్లీమీటర్ల వానను పట్టేలా కట్టమని నా సలహా. డీసీలో కొత్త భవనాలకు పెట్టిన కొలత 1.2 అంగుళాలు, అది కూడా దాదాపు ఇంతే.

120 × 30 × 0.85 = సుమారు 3,060 లీటర్లు.

దీనికి 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల లోతు గుంత సరిపోతుంది. గుంత కింది నుంచి 5 అడుగుల ఎత్తు దాకా రాళ్లు, కంకర, ఇసుక. పైన అడుగున్నర ఖాళీ. రాళ్ల సందుల్లో సుమారు 40 శాతం చోటు ఉంటుంది. అలా లెక్కిస్తే రాళ్ల మధ్య 72, పైన 54, మొత్తం 126 ఘనపుటడుగులు, అంటే సుమారు 3,500 లీటర్లు.

2023 జూలై లాంటి వాన వస్తే ఏ ఇంటి గుంతా ఆపలేదు. అలాంటి రోజుల కోసమే పొర్లు పైపు, అంటే గుంత నిండాక మిగిలిన నీరు బయటికి పోయే పైపు. దాని గురించి ఆరో భాగంలో రాశాను.

## 3. నేల నీళ్లు తాగుతుందో లేదో చూడండి

ఈ పరీక్ష చేయకుండా తవ్వొద్దు. మన దగ్గర ఒక కాలనీలో చలక నేల ఉంటే పక్క కాలనీలో నల్లరేగడి ఉంటుంది. హన్మకొండ గుట్టల పక్కన రెండు గజాలు తవ్వేసరికి బండ తగులుతుంది. బొందివాగు చుట్టుపక్కల పల్లపు కాలనీల్లో వానాకాలంలో భూగర్భ జలమే పైకి ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి:

- గుంత తవ్వాలనుకున్న చోట 4 అడుగుల లోతు దాకా చిన్న గొయ్యి తీయండి. అడుగున అడుగు చదరం చాలు.
- సాయంత్రం నీళ్లు నింపి రాత్రంతా వదిలేయండి. ఎండిన మట్టి మొదట ఎక్కువ తాగుతుంది, ఆ లెక్క నమ్మొద్దు.
- పొద్దున మళ్లీ నింపి, ఒక కర్ర మీద గీత పెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకోండి. కనీసం మూడు గంటలు చూడండి.

గంటకు అంగుళం లేదా అంతకంటే ఎక్కువ దిగితే మంచి నేల. పైన చెప్పిన గుంత రెండు రోజుల్లోపే ఖాళీ అవుతుంది. అర అంగుళం నుంచి అంగుళం మధ్య ఉంటే లోతు తగ్గించి వైశాల్యం పెంచండి. అర అంగుళం కూడా దిగకపోతే ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోకండి. ఫిల్టర్ పెట్టి సంపులోకి నీరు మళ్లించండి. అది కూడా వాన నీటి సేకరణే.

బండ తగిలిన చోట లోతుకు పోవడం దండగ. 3 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో కందకంలా తీయండి, వైశాల్యం అంతే వస్తుంది. మొరం తగిలితే మాత్రం అదృష్టమే. అక్కడిదాకా తవ్వి ఆపండి, మొరం నీళ్లు బాగా తాగుతుంది.

పల్లపు కాలనీలో వానాకాలంలో తవ్విన గోతిలోకి నీరు కింది నుంచే ఊరుతుంటే అక్కడ గుంత వద్దు. నిండిన నేలలోకి ఇంకా నీళ్లు పంపలేం. సంపు ఒక్కటే దారి.

## 4. చోటు ఎంచుకోవడం

- ఇంటి పునాదికి కనీసం 5 అడుగుల దూరం. నల్లరేగడి అయితే 10 అడుగులు ఉంటే మంచిది. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వేస్తుంది.
- సెప్టిక్ ట్యాంకుకు ఎంత దూరం వీలైతే అంత దూరం. సెప్టిక్ ట్యాంకు ముందు ఉంటే గుంత వెనక.
- ప్రహరీ గోడను ఆనుకుని తవ్వొద్దు. గోడ కుంగితే పక్కింటివాళ్లతో గొడవ.
- స్లాబు పైపులు దిగే మూల నుంచి నీరు తనంతట తాను పారేలా వాలు ఉండాలి.
- కారు ఎక్కే చోట తప్పదంటే పైన గట్టి ఆర్‌సీసీ మూత వేయించండి.

సెప్టిక్ ట్యాంకూ, బోరూ, గుంతా ఒకే మూలకు వచ్చే చిన్న స్థలాలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు నీటిని నేలలోకి పంపకండి, నిల్వ చేసుకోండి. ఇంటిల్లిపాదీ తాగే నీటితో పందెం కాయకూడదు.

## 5. తవ్వకముందే ఫైలు తెరవండి

గుంత మూతపడ్డాక లోపల రాళ్లున్నాయా, చెత్త ఉందా ఎవరికీ కనిపించదు. అందుకే ఫోటోలు పని జరుగుతుండగానే తీయాలి, అయిపోయాక తీద్దామంటే కుదరదు. ఒక ప్లాస్టిక్ ఫైలు కొని ఇవి పెట్టడం మొదలుపెట్టండి:

- తాజా ఇంటి పన్ను రసీదు. దాని మీద ఇంటి నంబరు, పీటీఐ నంబరు (ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య) ఉండాలి
- మంజూరైన ఇంటి ప్లాను కాపీ. అందులో ఇంకుడు గుంత ఎక్కడ చూపించారో గుర్తు పెట్టండి
- ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంటే కాపీ
- స్లాబు కొలతలు, రెండో భాగంలోని లెక్క
- నేల పరీక్ష కాగితం, తేదీతో
- ఖాళీ స్థలం ఫోటో, తవ్వకం మొదలవ్వకముందు

తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్ వాడండి.

మంజూరైన ప్లానుకూ కట్టిన ఇంటికీ తేడా ఉంటే ఇక్కడే ఆగి ఆలోచించండి. తనిఖీకి వచ్చినవాళ్లు గుంత ఒక్కటే చూసి పోరు. ఆ తేడా సంగతి ముందు తేల్చుకుని, తర్వాత రాయితీ అడగండి.

## 6. గుంత కట్టే వరుస

రోహిణి కార్తెలో మొదలుపెడితే ఆలస్యమే. మార్చి, ఏప్రిల్‌లో తవ్వి, మృగశిర వచ్చేసరికి మూత పడేలా చూసుకోండి. ఎండాకాలంలో గోడలు కూలవు, కూలీలూ దొరుకుతారు.

మొదట స్లాబు, పైపులు. స్లాబు మీది పగుళ్లు, చెత్త, పాత సామాను తీసేయండి. నీరు ఎక్కడ నిలుస్తోందో బకెట్‌తో పోసి చూడండి. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానకు ఒక 4 అంగుళాల పైపు సుమారు 40 చదరపు మీటర్ల స్లాబు నీటినే దింపగలదు. 120 మీటర్ల స్లాబుకు మూడు పైపులు కావాలి. ఒక్కటే ఉంటే నీరు స్లాబు మీదే నిలిచి పిట్టగోడ దాటి పొర్లుతుంది, గుంతకు చేరదు.

తొలి వాన నీటిని బయటికి వదిలే ఏర్పాటు. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్టలు మొదటి వానలో కొట్టుకొస్తాయి. పైపు కింద టీ జాయింటు పెట్టి, కింది కొసకు తిప్పి తీసే మూత పెట్టించండి. సీజనులో మొదటి రెండు వానలకు, మధ్యలో పది రోజులు ఎండ కాస్తే ఆ తర్వాతి వానకు, మొదటి పావుగంట ఆ మూత తీసి ఉంచండి. పనిమనిషికో పిల్లలకో చూపించి పెట్టండి, మీరు ఇంట్లో లేనప్పుడు కూడా జరగాలి.

మడ్డి తొట్టి. గుంతకు ముందు 2 అడుగుల చదరం, 2 అడుగుల లోతు ఇటుక తొట్టి. నీరు ఒక పక్క పడి, మట్టి కింద ఆగి, పై నీరు జాలీ గుండా గుంతలోకి పోవాలి. ఖర్చు తగ్గుతుందని దీన్ని వదిలేసేవారే ఎక్కువ. రెండేళ్లకే మూసుకుపోయే గుంతలు దాదాపు అన్నీ ఇలాంటివే.

తవ్వకం. అడుగు చదునుగా ఉండాలి కానీ దిమ్మిసతో గట్టిపరచొద్దు. జేసీబీతో తవ్విస్తే బకెట్ రుద్దిన చోట మట్టి నున్నగా మూసుకుంటుంది. గడ్డపారతో అడుగునూ పక్కలనూ గీరించండి.

పక్క గోడలు. ఇటుకల మధ్య సందులు వదిలిన గోడ గానీ, చిల్లులున్న సిమెంటు రింగులు గానీ. సుతారితో ముందే గట్టిగా చెప్పండి: "అన్నా, లోపల ప్లాస్టరింగ్ వద్దు, అడుగున బెడ్ వద్దు." చెప్పకపోతే అలవాటు కొద్దీ నున్నగా ప్లాస్టరింగ్ చేసేస్తారు. అప్పుడది ఇంకుడు గుంత కాదు, నీళ్ల తొట్టి.

నింపడం. కింది నుంచి పైకి ఇలా:

1. అడుగున 6 నుంచి 8 అంగుళాల బండరాళ్లు, రెండున్నర అడుగులు
2. ఆపైన 40 ఎంఎం కంకర, ఒకటిన్నర అడుగు
3. ఆపైన 20 ఎంఎం కంకర, అర అడుగు
4. నైలాన్ జాలీ
5. దొడ్డు ఇసుక, అర అడుగు
6. పైన అడుగున్నర ఖాళీ

జాలీ ఎందుకంటే, ఇసుక కిందికి జారి రాళ్ల సందులు నింపకుండా. ఇసుక పైనే ఎందుకంటే, మడ్డి అక్కడే ఆగితే ఏటా పై రెండు మూడు అంగుళాలు తీసేసి కొత్త ఇసుక వేస్తే చాలు. అడుగున ఆగితే గుంత మొత్తం తోడాల్సి వస్తుంది. పాత ఇటుక ముక్కలు, పగలగొట్టిన ప్లాస్టరింగ్ పెచ్చులు వేయనివ్వకండి. అవి నానిపోయి పొడిగా మారి అడుగును మూసేస్తాయి.

ప్రతి పొర వేశాక టేపు నిలబెట్టి ఒక ఫోటో. రేపు మీ మాటకు సాక్ష్యం ఆ టేపే.

పొర్లు పైపు. మూతకు అర అడుగు కింద 4 అంగుళాల పైపు పెట్టి, బయటి వాన నీటి మోరీలోకి కలపండి. మరుగుదొడ్డి లైనులో కలపొద్దు. పైపు కొసకు జాలీ కొట్టండి, ఎలుకలు, బొద్దింకలు రాకుండా. పొర్లు పైపు లేకపోతే పెద్ద వానకు నీళ్లు మూత ఎత్తుకుని పునాది వైపు పోతాయి.

ఎండిన బోరు ఉంటే. బోరు కేసింగ్ చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కు సన్న చీలికలు పెట్టి, జాలీ చుట్టి నీరు పంపే పద్ధతి ఉంది. నీరు నేరుగా లోతుకు పోతుంది కాబట్టి వేగం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. మట్టిపొర వడకట్టే అవకాశం ఉండదు. స్లాబు నీరు తప్ప వాకిలి కడిగిన నీరు గానీ, రోడ్డు నీరు గానీ ఒక్క చుక్క కూడా పోకూడదు. తెలిసిన ఇంజినీరు పక్కన లేకుండా దీని జోలికి పోవద్దు.

## 7. రెండో సగం: వాడిన నీరు

బాత్‌రూమ్ స్నానాల నీరు, వాషింగ్ మెషీన్ నీరు ఒక లైనుగా విడదీయండి. మరుగుదొడ్డి లైను ఎప్పటిలా సెప్టిక్ ట్యాంకుకే. వంటగది నీటిలో నూనె, మెతుకులు ఉంటాయి. మొదటి ఏడాది దాన్ని ఇందులో కలపకపోవడమే మేలు.

- 2 అడుగుల చదరం తొట్టి: వెంట్రుకలు ఆగే జాలీతో
- 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు కంకర మడి: 20 ఎంఎం కంకర నింపి, మెట్టతామర దుంపలు నాటండి
- మడి చివర చిన్న తొట్టి లేదా డ్రమ్ము: అక్కడి నుంచి మొక్కలకు

ఈ మడికి అడుగునా పక్కలా ప్లాస్టరింగ్ తప్పనిసరి. ఇంకుడు గుంతకు ప్లాస్టరింగ్ ఉండకూడదు, దీనికి ఉండి తీరాలి. మేస్త్రి రెండూ ఒకే వారంలో చేస్తే తారుమారు చేసే ప్రమాదం ఉంది, దగ్గరుండి చూడండి.

డ్రమ్ములో నీరు ఒక రోజుకు మించి నిలవ ఉంచొద్దు, వాసన వస్తుంది. ఆకుకూరలకు కాకుండా పూలమొక్కలకు, కొబ్బరి, మామిడి లాంటి చెట్లకు పెట్టండి. ఈ నీరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంకుడు గుంతలోకి పోకూడదు.

## 8. మొదటి గట్టి వానకు పరీక్ష

వాన వెలిశాక గుంతలో నీటి మట్టం కొలిచి టైము రాసుకోండి. 24 గంటలకు, 48 గంటలకు మళ్లీ కొలవండి. 72 గంటల్లోపు ఖాళీ అవ్వాలి. కాకపోతే దోమలు పెరుగుతాయి, తర్వాతి వానకు చోటూ ఉండదు. ఈ మూడు కొలతల కాగితం ఫైలులో పెట్టండి. వాన పడుతుండగా పైపు నుంచి గుంతలోకి నీరు పడే చిన్న వీడియో కూడా తీసి ఉంచుకోండి.

## 9. దరఖాస్తు రాయడం, ఇవ్వడం

ఇంటి పన్ను లెక్క ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, రెండు అర్ధ సంవత్సరాలుగా నడుస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో దరఖాస్తు ఇస్తే ఏప్రిల్ బిల్లుకు ముందే తనిఖీ జరిగే వీలుంటుంది. పాత బకాయి ఉంటే ముందు కట్టేయండి.

లేఖ ఇలా ఉంటే చాలు:

*గౌరవనీయులైన కమిషనర్ గారికి, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్.*

*విషయం: జీవో 168, తేదీ 7-4-2012 ప్రకారం ఆస్తి పన్నులో 10 శాతం రాయితీ కోరుతూ.*

*అయ్యా / అమ్మా, ఇంటి నంబరు ......, పీటీఐ నంబరు ...... గల మా ఇంటిలో వాన నీటి సేకరణ, వాడిన నీటి పునర్వినియోగ ఏర్పాట్లు రెండూ పూర్తిచేసి వాడుతున్నాము. స్లాబు వైశాల్యం ...... చదరపు మీటర్లు. గుంత సామర్థ్యం ...... లీటర్లు. 30 మిల్లీమీటర్ల వానకు వచ్చే నీరు ...... లీటర్లు. ఏటా మే నెలలో శుభ్రం చేసే బాధ్యత మాదే. దయచేసి తనిఖీ జరిపించి, పై జీవో ప్రకారం రాయితీ మంజూరు చేయగలరు. మంజూరు వీలుకాని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు.*

చివరి వాక్యం తీసేయకండి. నోటి మాటగా "కాదు" అంటే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు.

జత చేయాల్సినవి:

- ఐదో భాగంలోని కాగితాల కాపీలు
- స్థలం గీత బొమ్మ: ఇల్లు, పైపులు, మడ్డి తొట్టి, గుంత, పొర్లు పైపు, కంకర మడి, సెప్టిక్ ట్యాంకు. చేత్తో గీసినా సరే, కొలతలు ఉండాలి
- పొరల ఫోటోలు, వరుస నంబర్లతో
- సామాను బిల్లులు, మేస్త్రి రసీదు
- 72 గంటల పరీక్ష కాగితం
- వీలైతే లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకంతో ఒక పేజీ సర్టిఫికెట్

రెండు సెట్లు తీసుకెళ్లండి. ఒకటి ఇన్‌వర్డ్‌లో (దరఖాస్తులు తీసుకునే కౌంటరులో) ఇచ్చి, రెండో దాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

కౌంటరులో "ఇలాంటిది లేదు" అన్న జవాబు రావచ్చు. వాదన పెట్టుకోకుండా జీవో కాపీలో రాయితీ ఉన్న పేజీ తీసి చూపించండి, దరఖాస్తు తీసుకోమని అడగండి. మంజూరు చేసేదీ కాదనేదీ పైవాళ్లు, కౌంటరులో మనకు కావాల్సింది ముద్ర మాత్రమే.

నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం ఫిర్యాదుల రోజున ముద్ర ఉన్న కాపీతో గుర్తు చేయండి. అప్పటికీ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో "ఫలానా తేదీ నా దరఖాస్తు ఎవరి దగ్గర ఉంది, ఏం చర్య తీసుకున్నారు" అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

## 10. తనిఖీ రోజు

మూత తేలిగ్గా తీసేలా ఉంచండి. తొట్లు అంతకుముందు రోజు శుభ్రం చేయండి. ఒక డ్రమ్ము నీళ్లు స్లాబు మీద సిద్ధంగా పెట్టుకుని, వచ్చినవాళ్ల ముందే పోసి, గుంతలోకి రావడం చూపించండి. మాటలకన్నా ఇది నయం. వచ్చిన అధికారి పేరు, హోదా, తేదీ మీ ఫైలులో రాసుకోండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిచేసే మార్గాలు

గుంత మూడు రోజులకూ ఖాళీ కావడం లేదు. ముందు పై ఇసుక మూడు అంగుళాలు తీసి కొత్తది వేయండి. పది కేసుల్లో ఎక్కువ వాటికి ఇదే మందు. అయినా దిగకపోతే అడుగు మూసుకుపోయినట్టు. రాళ్లు తీసి, అడుగు గీరి, కడిగిన రాళ్లే మళ్లీ వేయాలి.

గుంతలో మురుగు వాసన. ఎక్కడో మురుగు లైను కలిసింది, లేదా సెప్టిక్ ట్యాంకు ఊరుతోంది. స్లాబు పైపు ఆ రోజే గుంత నుంచి తప్పించి మోరీకి పెట్టండి. కారణం తేలేదాకా ఆ చుట్టుపక్కల బోరు నీరు తాగొద్దు, పరీక్ష చేయించండి.

గుంత చుట్టూ నేల కుంగుతోంది. పక్క గోడ సందుల్లోంచి మట్టి లోపలికి జారుతోంది. గోడ వెలుపల అర అడుగు మందాన కంకర నింపాలి.

వాకిలి నీరు కూడా గుంతలోకే పెట్టారు. వాకిట్లో బండి ఆయిలు, సబ్బు నీరు, మట్టి ఉంటాయి. ఆ లైను విడదీసి మొక్కల పాదులకు మళ్లించండి.

ప్లానులో గుంత ఉంది, నేల మీద లేదు. కట్టించేసి, అప్పుడే దరఖాస్తు ఇవ్వండి. లేని గుంతకు రాయితీ అడగడం తప్పుడు డిక్లరేషన్ ఇవ్వడమే.

## 12. ఏటా చేయాల్సినవి

- మే: స్లాబు ఊడ్చడం, మడ్డి తొట్టి తోడటం, పై ఇసుక మార్చడం, పొర్లు పైపు జాలీ చూడటం. పని ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో
- జూన్ నుంచి సెప్టెంబరు: నెలకోసారి మడ్డి తొట్టి. పెద్ద వాన తర్వాత 72 గంటల పరీక్ష
- అక్టోబరు: తుపాను వానలు ఉంటాయి కాబట్టి మూతలు, పైపులు ఇంకోసారి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు వరంగల్ మునిగిన సంగతి తెలిసిందే
- ఏప్రిల్: కొత్త బిల్లులో రాయితీ కనిపిస్తోందా చూడటం. కనిపించకపోతే పన్ను కట్టేముందే మంజూరు కాగితంతో వెళ్లి సరిచేయించుకోవడం

బిల్లులో ఇంటి పన్ను, లైబ్రరీ సెస్ విడివిడిగా ఉంటాయి. 10 శాతం లెక్క ఇంటి పన్ను మీద వేసి చూడండి, మొత్తం మీద కాదు.

ఇల్లు అమ్మేటప్పుడు ఈ ఫైలు కొన్నవారి చేతికి ఇవ్వండి. జీవోలోని రాయితీ యజమానికే కాదు, ఆ ఇంటికి తర్వాత హక్కుదారు అయినవారికీ వర్తిస్తుంది. గుంత ఎక్కడుంది, ఏ నెలలో శుభ్రం చేయాలి, మంజూరు కాగితం నంబరు ఎంత అన్నవి ఒక పేజీ మీద రాసి ఫైలు పైన పెట్టండి. ఆస్తి పన్ను పేరు మార్పిడి చేయించుకునేటప్పుడు వాళ్లు ఆ కాగితాన్ని కూడా జత చేయాలి.